సింగారి కాళ్ళకు లారీ ఇనుము

ఐరాల సంతకు వెళ్ళి రాజారత్నం గొప్పలు వినకుండా తిరిగొచ్చామని ఎవరైనా అంటే, వాళ్ళు సంతకే వెళ్ళలేదని అర్థం. అతను లాడాల మేస్త్రి. వాళ్ళ నాయన చేతి నుంచి వచ్చిన పని. ఎద్దుకు తాడేసి ఒడుపుగా పక్కకు పడగొట్టడం, నాలుగు కాళ్ళూ కలిపి కట్టడం, చీలిన గిట్టకు రెండేసి బిళ్ళలు పెట్టి మేకులు దిగ్గొట్టడం, అది లేచి నిలబడేలోపు దాని ఆసామికి తన గొప్పలన్నీ చెప్పెయ్యడం. చేతి పనికి వంక పెట్టలేం. నోటి పనిలోనే కాస్త హెచ్చుతగ్గులు. ఈ వారం కథలో ఎద్దుగా ఉన్నది వచ్చే వారానికి ఆబోతయ్యేది, ఆ పై వారానికి రాజారత్నాన్ని కుమ్మబోయి అతని చూపుకే జడిసి ఆగిపోయేది.

కాలం మారింది. దుక్కులకు ట్రాక్టర్లు వచ్చాయి, ఎద్దులు పలచబడ్డాయి. గొప్పలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. చెప్పుకోవడానికి కొత్త జీవం ఒకటి కావలసివచ్చింది. అప్పుడు దొరికింది సింగారి.

సింగారి ఎర్రటి ఆడగుర్రం. దాని చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. చూసేవాళ్ళకు అది ఎప్పుడూ ఎవరి మీదో చాడీలు వింటున్నట్టు ఉంటుంది. ఎప్పుడో రాజస్థాన్ నుంచి లారీలో దిగిన జాతి. దాని పాత యజమాని తిరుపతి ఎగ్జిబిషన్లలో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే చిత్తూరు ఆసామి. వయసు పైబడి, మేపే ఓపిక లేక, మంచి చేతుల్లో పెడదామని రాజారత్నానికి అప్పజెప్పాడు. మంచి చేతులే. కాకపోతే ఆ చేతులు అంతకుముందు గుర్రాన్ని ముట్టలేదు. లాడం కొట్టాల్సిన మొదటి రోజున, ఎద్దుకు వేసినట్టే సింగారికి తాడు వేసి పడగొట్టబోయాడు. సింగారి ఒక్క అడుగు పక్కకు జరిగింది. రాజారత్నం పేడకుప్పలోంచి లేచాడు. గుర్రాన్ని నిలబెట్టే ఉంచి, దాని కాలు తన ఒళ్ళో పెట్టుకుని లాడం కొట్టాలని పాత యజమాని ఫోనులో చెప్పాక గానీ పని జరగలేదు. సంతకు చేరేసరికి ఈ కథ, పడగొట్టకుండా లాడం కొట్టే కిటుకును రాజారత్నమే కనిపెట్టినట్టుగా మారింది. పేడకుప్ప అందులో లేదు.

సింగారి విశేషమంతా దాని నడకలో ఉంది. మామూలు గుర్రం కాస్త వడి పెంచితే ముందరి కాలొకటీ, దానికి మూలగా ఉన్న వెనక కాలొకటీ జతగా లేచి జతగా పడతాయి. పైన కూర్చున్నవాడు ప్రతి జతకూ ఎగిరి పడతాడు. సింగారికి ఆ జతల గొడవ లేదు. నాలుగు కాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా నేలను తాకుతాయి. ఎంత వడిగా పోయినా ఏదో ఒక కాలు నేలమీద ఉండనే ఉంటుంది. తల మెల్లగా ఊగుతుంది గానీ వెన్ను కదలదు. ఉత్తరాది గుర్రాలవాళ్ళు ఈ నడకను రవాలు అంటారు. కొన్ని జాతులకు అది పుట్టుకతోనే వస్తుంది. నిన్న పుట్టిన పిల్ల ఇవాళ తల్లి వెంట అలాగే నడుస్తుంది, ఎవరూ పక్కన నిలబడి పాఠం చెప్పరు.

రాజారత్నం మాత్రం ఈ నడక తానే నేర్పానని చెప్పుకున్నాడు. ఎలా నేర్పావని అడిగితే, అది చెప్తే వచ్చేది కాదని, చేతిలో ఉండాలని చెప్పి చెయ్యి చూపించేవాడు. కాయలు కాసిన ఆ చేతిని చూసి చాలామంది నమ్మారు. నమ్మనిది అతని భార్య నాగులమ్మ ఒక్కతే. చిత్తూరు నుంచి తోలుకొచ్చిన నాడే సింగారి ఆ నడకతోనే వాకిట్లోకి రావడం ఆమె కళ్ళారా చూసింది. అయినా నలుగురిలో మొగుడి పరువు తియ్యలేదు. చేపకు ఈత కూడా నువ్వే నేర్పావా అని ఇంట్లో అడిగి ఊరుకునేది.

నిజానికి ఆ నడక వల్ల బాగుపడింది ఆమే. నాగులమ్మ కుండల్లో గడ్డపెరుగు తోడుపెట్టి కాణిపాకం రోడ్డులో ఉన్న చెంగయ్య హోటలుకు వేస్తుంది. ఆటోలో పంపితే రోడ్డు గుంతలకు పెరుగు విరిగి నీళ్ళు తేలేది. సింగారికి రెండు వైపులా గంపలు కట్టి కుండలు పెట్టి నడిపించుకుపోతే, ఇంట్లో తోడుకున్నది తోడుకున్నట్టే చెంగయ్య ముందు దిగేది. పెరుగు వెయ్యని రోజుల్లో రాజారత్నం గుర్రాన్ని పెళ్ళి మెరవణులకు తోలుకుపోయేవాడు. పెళ్ళికొడుకు వేసుకున్న తలపాగా వేసుకున్నట్టే మండపం ముందు దిగేవాడు. ఇంత చక్కటి ఏర్పాటును చెడగొట్టడానికి పగవాళ్ళు అక్కర్లేదు. పక్కవాణ్ణి ఎవరో పొగుడుతుంటే మన చెవిన పడితే చాలు.

ఆ పక్కవాడు భానుచందర్. చిత్తూరు కుర్రవాడు. వస్తాదు అనే తెల్లగుర్రాన్ని మెరవణుల్లోకి దించాడు. కాళ్ళకు గజ్జెలు, జూలుకు పూసలు, మొహానికి అద్దాల పట్టీ. పలక డప్పుల దెబ్బ పడిందంటే వస్తాదు మోకాళ్ళు రొమ్ముదాకా ఎత్తి ఉన్నచోటనే చిందులేసేది. జనం పెళ్ళికొడుకును వదిలేసి గుర్రాన్ని వీడియోలు తీసుకునేవాళ్ళు. ఒకసారి ఒకే వీధిలో రెండు మెరవణులు ఎదురుపడ్డాయి. వస్తాదు చిందులేస్తోంది. సింగారి ఒక్క కుదుపూ లేకుండా తన మానాన తాను వస్తోంది. పలకలు కొట్టే కుర్రాళ్ళు దాన్ని చూసి, అంబులెన్సు వస్తోంది, దారివ్వండని అరిచారు. పెళ్ళికొడుకుతో సహా అందరూ నవ్వారు. తానూ నవ్వేసి ఉంటే సరిపోయేది. రాజారత్నం నవ్వలేకపోయాడు. ఆ రాత్రి సంగటి ముద్ద కూడా సగమే తిన్నాడు.

ఇది రగులుతుండగానే మునివెంకటప్ప కబురు చేశాడు. ఆయనకు చిత్తూరులో మామిడికాయల మండీ ఉంది. కొడుకు లోకేష్ పెళ్ళి. మెరవణిలో ఆడే గుర్రం కావాలంటున్నాడు పెళ్ళికొడుకు. వస్తాదు ఆ రోజుకు ఎక్కడో ఒప్పుకుని ఉంది. నీ గుర్రం ఆడుతుందా అని మునివెంకటప్ప అడిగాడు. ఆడదని చెప్పి, చల్లగా మజ్జిగ తాగి ఇంటికి రావలసిన సమయం అది.

"నడక నేర్పినోణ్ణి, ఆట నేర్పేది నాకొక లెక్కా సామీ?" అన్నాడు రాజారత్నం.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందని సామెత. ఈ నక్క ఇంకా తెలివైంది. వాతను గుర్రానికి పెట్టింది.

ఎద్దుల మేస్త్రి బుర్ర ఎద్దుల లెక్కలే వేస్తుంది. తారురోడ్డు మీద బండి లాగే ఎద్దుకు ఇనుము ఎంత మందమైతే అంత మేలని వాళ్ళ నాయన చెప్పిన మాట రాజారత్నానికి వేదవాక్కు. పాత లారీ కమాను పట్టీ ఒకటి తెచ్చాడు. కొలిమిలో పెట్టి సాగగొట్టి, సింగారి ముందు కాళ్ళకు మందపాటి లాడాలు చేశాడు. గిట్ట కొసలు చెక్కకుండా పొడుగ్గా వదిలేశాడు. బరువైన కాలు పైకి లేస్తుందని అతని లెక్క. అది తప్పు లెక్క కాదు కూడా. తడి రేగడిలో చెప్పులకు మట్టి పట్టినవాడు కాళ్ళు ఎంతెత్తున ఎత్తి వేస్తాడో మనం చూస్తూనే ఉంటాం. అయితే అలా నడిచేవాణ్ణి చూసి నాట్యం చేస్తున్నాడని ఎవరూ అనుకోరు.

కాళ్ళకు గజ్జెలు కట్టాడు. తల దించకుండా కళ్ళేన్ని పొట్టిగా బిగించి కట్టాడు. నూనె డబ్బా ఒకటి బోర్లించి పలకలాగా వాయిస్తూ, కాలెత్తినప్పుడల్లా బెల్లం ముక్క పెట్టాడు. సింగారి బెల్లం కోసం ఎత్తిందో, బరువు విదిలించుకోవడానికి ఎత్తిందో, మొత్తానికి ఎత్తింది. నాగులమ్మ చూస్తూ చూస్తూ, దాని నడక చెడిపోతుందని ఒకసారి చెప్పింది, వినకపోతే ఇంకోసారి చెప్పింది. రాజారత్నం డబ్బా ఇంకాస్త గట్టిగా వాయించాడు.

నడక చెడనే చెడింది. బరువెక్కిన ముందు కాళ్ళు గాల్లోనే ఆలస్యం చేసేవి. ఏ బరువూ లేని వెనక కాళ్ళు తమ పాత వేళకే వచ్చేసేవి. వచ్చేసరికి ముందు కాలు ఇంకా అక్కడే ఉండేది, వెనక గిట్ట పోయి దాని లాడానికి టంగుమని తగిలేది. విడివిడిగా పడే నాలుగు అడుగులు పోయి జతలు మొదలయ్యాయి. తల పైకి కట్టేసరికి వెన్ను కొయ్యబారింది. టంగుమనే ఆ చప్పుడు విని చుట్టుపక్కలవాళ్ళు అదేంటని అడిగితే, గుర్రం తాళం వేస్తోందని చెప్పాడు రాజారత్నం.

ఆ తాళం మొదట పడింది పెరుగు మీద. మరుసటి వారం నాగులమ్మ ఎప్పటిలాగే కుండలు కట్టుకుని చెంగయ్య హోటలుకు పోయింది. చెంగయ్య మూత తీశాడు. కుండలో పెరుగు లేదు. పలచటి మజ్జిగ ఉంది, దానిమీద వెన్న ముద్దలు తేలుతున్నాయి. దారి పొడుగునా సింగారి కవ్వం పని చేసిందన్నమాట. కాఫీ తాగేవాళ్ళంతా వచ్చి కుండలోకి తొంగిచూశారు. ఇంక చిలికే పని కూడా గుర్రానికే ఇచ్చేశావా అక్కా అని చెంగయ్య అడిగాడు. నాగులమ్మ వెన్నంతా ఒక ఆకులోకి తీసుకుని ఇంటికొచ్చింది. రాజారత్నం సంగటి తింటున్నాడు. వెన్న ముద్దను తెచ్చి అతని కంచంలో వేసింది.

"ఇదో, నీ గుర్రం సిలికిన వెన్న. తిను."

మంచి మొగుడైతే సిగ్గుపడాలి. రాజారత్నం తిని, వెన్న బాగుందన్నాడు. నాగులమ్మ ఆ రోజు నుంచి కుండలు కుదుపు తగలకుండా ఒళ్ళో పట్టుకుని బస్సులో పోవడం మొదలుపెట్టింది. మొగుడితో మాటలు అవసరమైనంత వరకే.

పెళ్ళి రోజు సాయంత్రం చిత్తూరు బజారు వీధి పట్టలేనంత జనం. లోకేష్ పట్టు పంచె కట్టుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోటోలవాడికి నవ్వుతూ గుర్రమెక్కాడు. పలకలు మోగాయి. సింగారి మోకాళ్ళు ఎత్తింది. ఈలలు మారుమోగాయి. రాజారత్నానికి ఒళ్ళు పులకరించింది. అంబులెన్సు అన్న కుర్రాళ్ళే ఇప్పుడు పలకలు కొడుతున్నారు. వాళ్ళలో ఒక్కొక్కరి మొహంలోకీ చూసుకుంటూ నడిచాడు.

పైనున్న లోకేష్ సంగతి వేరు. మొదటి చిందుకు కళ్ళద్దాలు జారాయి. తర్వాత తలపాగా కళ్ళమీదికొచ్చింది. పూలమాల ఎగిరి పడీ ఎగిరి పడీ పూలన్నీ రాలి దారం మిగిలింది. చెయ్యెత్తి జనానికి దండం పెట్టమని ఫోటోలవాడు బతిమాలుతున్నాడు. చెయ్యి వదిలితే తాను ఉండడని లోకేష్‌కు తెలుసు. మధ్యాహ్నం తిన్న పెళ్ళి విందు కూడా లోపల చిందులు మొదలుపెట్టింది. సగం వీధి కాకముందే దిగిపోతానని గోల చేసి దిగాడు. నడుము పట్టుకుని మెరవణి వెనకాల నడిచాడు. ముందు ఖాళీ గుర్రం ఆడుకుంటూ పోయింది. ఆడపిల్లవారు హారతి పళ్ళెంతో ఎదురొచ్చారు. వాళ్ళలో చూపు సరిగా ఆనని ఒక ముసలమ్మ, పెళ్ళికొడుకు ఎక్కడ నాయనా అని పెళ్ళికొడుకునే అడిగింది.

నవ్వులు ఇంకా ఆగలేదు. మండపం మలుపులో సింగారి వెనక గిట్ట ముందు లాడానికి గట్టిగా తగులుకుంది. ముందు కాలు ఎత్తబోయి ఎత్తలేక, రెండు మోకాళ్ళ మీదా రోడ్డుపై కూలబడింది. పలకలు ఆగిపోయాయి. మోకాళ్ళు దోక్కుపోయి నెత్తురొచ్చింది. అంతకు మించి దెబ్బ లేదు. తనంతట తానే లేచింది. కానీ లేచి నిలబడి, కళ్ళెం పట్టుకున్న మనిషి నుంచి తల పక్కకు తిప్పుకుంది. ఇన్నేళ్ళలో అది రాజారత్నం దగ్గర అలా తల తిప్పుకున్నది లేదు. అతనికి అక్కడే, అంతమంది మధ్య, ఏడుపొచ్చింది.

తెల్లారగానే లాడాలు ఊడదీశాడు. గజ్జెలు, పొట్టి కళ్ళెం అన్నీ తీసి అటక మీదికి విసిరేశాడు. పొడుగైన గిట్ట కొసలను ఆకురాయితో అరగదీశాడు. మోకాళ్ళకు పసుపు నూనె రాశాడు. పుండు మానిపోయాక వాకిట్లో నడిపించి చూశాడు. ఇనుము పోయింది కాబట్టి నడక వచ్చేస్తుందని నమ్మకం. సింగారి తల పైకెత్తి, మోకాళ్ళు ఎత్తి, జతగా జతగా వేసింది అడుగులు. కాళ్ళకు ఏమీ లేకపోయినా ఉన్నట్టే ఎత్తింది. ఇనుము గిట్టల నుంచి పోయింది గానీ ఒంట్లోంచి పోలేదు.

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. కనబడ్డవాళ్ళంతా ఒకటే మాట అన్నారు. చెంగయ్య అన్నాడు, పలకల కుర్రాళ్ళు అన్నారు, ఆదివారం చర్చి బయట అయ్యగారు కూడా అన్నారు: నువ్వే కదా నేర్పింది, మళ్ళీ నేర్పు. సగంమంది ఆ మాట నమ్మకంగానే అన్నారు, మిగతా సగంమంది నవ్వాపుకుంటూ అన్నారు. తాను నేర్పలేదని చెప్పడానికి రాజారత్నానికి నోరు రాలేదు. నేర్పడానికి చెయ్యీ రాలేదు. ఆ నడక తిరిగి రాకపోతే సింగారి జీవితమంతా ఇలా ఎగిరెగిరి నడుస్తూ మోకాళ్ళు పోగొట్టుకుంటుంది. అది అతనికి బాగా తెలుసు, దాన్ని చేసింది తానేననీ తెలుసు.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేరనుకుని, ఇంటి వెనక చేతులూ మోకాళ్ళూ నేలమీద పెట్టి తానే గుర్రమయ్యాడు. ఏ కాలు తర్వాత ఏ కాలు పడాలో ముందు తనకు తెలిస్తే కదా, తర్వాత గుర్రానికి చెప్పడం. వెనక కుడి కదిపాడు. దాని తర్వాత ముందు కుడిదా, ముందు ఎడమదా? రెండూ కదిపి చూశాడు. చెయ్యికి మోకాలు అడ్డం పడి బోర్లాపడ్డాడు. తలెత్తి చూస్తే గడపలో నాగులమ్మ చాట పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో. నవ్వి నవ్వి ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం. రాజారత్నం లేవకుండా అక్కడే కూర్చుండిపోయాడు.

"నాకు తెలీదు మేయ్. అది ఎట్ల నడిసేదో నాకు తెలీనే తెలీదు," అన్నాడు.

నాగులమ్మ నవ్వు ఆపింది. చాట కింద పెట్టి అతని పక్కన కూర్చుంది.

"దానికి తెలుసులేయ్యా. నువ్వు నేర్పింది అది మర్సిపోయేదాకా దాని జోలికి పోవద్దు."

ఆ మాట విన్నాడు. ఊరి పక్కన తెలిసిన ఆసామిది కోత అయిపోయిన మామిడితోట ఒకటి ఉంది. అందులో సింగారిని కళ్ళెం లేకుండా వదిలేశాడు. మెట్టా పల్లం, గులకరాళ్ళు, పిల్లకాలువ దాటుకుంటూ తల కిందికి వేసి మేసుకునేది. కొత్త గిట్ట దిగేకొద్దీ కొసలు కొంచెం కొంచెంగా అరగదీసి వచ్చేవాడు. అంతకు మించి ముట్టుకోలేదు. బెల్లం పెట్టినా ఊరికే పెట్టేవాడు, ఏదీ అడగకుండా. సంతలో అతను మాటలు తగ్గించాడు. ఒంట్లో బాగుందా అని జనం అడిగారు. ఎండలు పోయి వానలు పడ్డాయి. రాజారత్నం రోజూ చూస్తున్నాడు, రోజూ అవే ఎగిరే అడుగులు. ఒక్కోనాడు ఇక రాదనుకునేవాడు. ఆ రోజుల్లో సింగారి మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు ఊరికే నిలబడేవాడు. అది ఇప్పుడు తల తిప్పుకోవడం లేదు, అంతే అతనికి దక్కిన ఓదార్పు.

ఒకరోజు పొద్దున, రాత్రంతా జల్లు పడి నేల మెత్తగా ఉంది. తోటలోంచి సింగారిని ఇంటికి తోలుకొస్తున్నాడు. పగ్గం కొస భుజాన వేసుకుని తాను ముందు, అది వెనక. ఆకురాయి మొద్దుబారింది, కొత్తది కొనాలా వద్దా అని ఏదో ఆలోచనలో ఉన్నాడు. వెనక నుంచి చప్పుడు మారినట్టనిపించింది. చెవి పెట్టి విన్నాడు. జతలు కావు. ఒకటి, మరొకటి, ఇంకొకటి, మరింకొకటి, విడివిడిగా, తొందర లేకుండా. లాడాల మేస్త్రి చెవి అది, పొరబడదు.

తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంది. చూస్తే ఎక్కడ ఆగిపోతుందోనని భయం. మెడ బిగించుకుని నడిచాడు. ఇల్లొచ్చింది. ఆగితే నడక ఆగిపోతుందని ఇల్లు దాటేశాడు. వాకిట్లో ముగ్గు వేస్తున్న నాగులమ్మ, ఎక్కడికని అడగబోయి, గుర్రం కాళ్ళు చూసి నోరు మూసుకుంది. అతను ఊరు దాటాడు, కాణిపాకం రోడ్డెక్కాడు. మోటారు సైకిల్ మీద పోయేవాడెవడో పలకరిస్తే పెదవుల మీద వేలు పెట్టి కసిరాడు. అలా నడిచి నడిచి చెంగయ్య హోటలు దాకా వచ్చేశాడు. అక్కడ యాత్రికుల బస్సు ఒకటి రోడ్డుకు అడ్డంగా తిప్పుకుంటోంది. ఆగక తప్పలేదు. అప్పుడు తిరిగి చూశాడు. సింగారి చెవులు కలుపుకుని నిలబడి ఉంది, ఇంత దూరం ఎందుకు తీసుకొచ్చావన్నట్టు.

హోటల్లో ఉన్నవాళ్ళంతా ఆ నడక చూశారు. చెంగయ్య గరిటె పట్టుకునే బయటికొచ్చాడు. మళ్ళీ నేర్పేశావే, ఎలా నేర్పావు అని అడిగాడు. ఇప్పుడు ఏం చెప్పినా చెల్లుతుంది. కాయలు కాసిన చెయ్యి ఒకసారి చూపిస్తే చాలు, అందరూ నమ్మేస్తారు. రాజారత్నం నోరు తెరిచాడు.

"నేనేం నేర్పలేదబ్బా. ఇది పుట్టిందే ఇట్ల. నేను నేర్పింది ఆ సిందులొక్కటే."

 చెంగయ్య పకపకా నవ్వి, చూశారా, కిటుకు ఎంత గట్టిగా దాచిపెడుతున్నాడో అన్నాడు. అందరూ అవునవునని తలలూపారు. ఇన్నేళ్ళుగా చెప్పిన అబద్ధాలన్నీ నమ్మిన జనం, అతను చెప్పిన ఈ ఒక్క నిజాన్ని మాత్రం నమ్మలేదు. మళ్ళీ మొదటి నుంచి వివరంగా చెబుదామని రాజారత్నం వాళ్ళవైపు తిరిగాడు. భుజం మీది పగ్గం జారిపోయింది. బస్సు తప్పుకునేలోపే సింగారి తనంతట తాను ఇంటి దారి పట్టింది. ఆగమని అరవడానికి మనసొప్పలేదు. పంచె ఎగ్గట్టి దాని వెనకాల పరుగెత్తాడు. అది నడుస్తూనే ఉంది, అతనే అందుకోలేకపోయాడు.